నేలతో కలిపి తీసిన బొమ్మే సాక్ష్యం
ఆంధ్రప్రదేశ్ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వార్డెన్ గారికి,

మా పడమటి కర్నూలు మండలాల్లో అడవి జీవులను ఫొటో తీసే ఉత్సాహం పెరుగుతోంది. ఆదోని, ఆలూరు, హొళగుంద, కౌతాళం, ఆస్పరి వైపు చేలల్లో కృష్ణజింకల మందల కోసం, గుట్టల్లో గుడ్లగూబల కోసం, చలికాలపు బీళ్లలో వలస గద్దల కోసం పెద్ద లెన్సులతో వచ్చేవాళ్లున్నారు. చేతిలోని ఫోనుతోనే తీసే ఊరి కుర్రాళ్లు అంతకంటే ఎక్కువ మంది. ఈ ఉత్సాహం మంచిదే. అయితే దీనికి కట్టుబాటు లేదు, దీని ఫలితాన్ని ఈ నేల మేలుకు వాడుకునే ఏర్పాటూ లేదు. రెండూ మీ శాఖ చేతిలో ఉన్నవి కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను. నేను చెప్పదలచింది ఒక్కటే. జీవిని బెదరగొట్టకుండా, దాని చోటు బయటపెట్టకుండా, అది బతికే నేలతో కలిపి తీసిన ఫొటో మా బీడు భూములకు దొరకగలిగిన గట్టి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సేకరించే పద్ధతిని, భద్రపరిచే పద్ధతిని ప్రభుత్వం వెంటనే ఏర్పాటు చేయాలి.

మా ప్రాంతానికి ఈ అవసరం ఎందుకు ఎక్కువో ముందు చెప్పాలి. నల్లమలలో పులిని చూడాలంటే అభయారణ్యం గేటు దాటాలి, అనుమతి తీసుకోవాలి. పడమటి కర్నూలులో అడవి జీవి ఉండేది నల్లరేగడి చేలో, పప్పుశనగ కోసిన పొలంలో, గొర్రెలు మేసే బీటిలో, వంక గట్టున, రాతిగుట్ట నెర్రెల్లో. రాష్ట్ర జంతువైన కృష్ణజింక, మన పెద్దలు ఇర్రి అన్నది, ఇక్కడ రైతు చేలోనే పుట్టి రైతు చేలోనే చస్తుంది. తోడేలు, గుంటనక్క, నేల మీద గుడ్లుపెట్టే తీతువు, కౌజు, ఇవన్నీ మైదానపు జీవులు. వీటి ఇల్లు రెవెన్యూ రికార్డులో పట్టా భూమి, లేదా మేత పోరంబోకు, లేదా బంజరు. ఆదోనికి పడమటగా సరిహద్దు దాటితే వచ్చే బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, కర్ణాటకలో మిగిలిన బట్టమేక పక్షులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నాయి. అవి తిరిగేదీ ఇలాంటి మెట్ట పొలాల్లోనే. ఆ పొలాలు సరిహద్దుకు ఇవతల కూడా అలాగే సాగుతాయి.

చట్టం ఏం చెబుతోందో మీకు తెలియనిది కాదు. చదువరుల కోసం చెబుతున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను అభయారణ్యంలోకి ఫొటోగ్రఫీ కోసం వెళ్లేవారికి అనుమతి ఇచ్చే అధికారం మీకు ఇచ్చింది. 2022 సవరణ ఆ ఫొటోగ్రఫీ ఆవాసాన్ని మార్చకుండా, జీవులకు చెడు చేయకుండా సాగాలని స్పష్టం చేసింది. ఇది గేటు లోపలి మాట. గేటు బయట చట్టం మౌనంగా ఉందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. వేట అంటే ఏమిటో చెప్పే 2వ సెక్షను 16వ క్లాజు చంపడంతో ఆగలేదు. జంతువును తరమడం, ఎర వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా అందులో ఉన్నాయి. పక్షుల గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా అందులోకే వస్తుంది. మొదటి షెడ్యూలులోని జీవిని వేటాడితే శిక్ష 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా ఉంది. కృష్ణజింక, బట్టమేక రెండూ ఆ షెడ్యూలులోనివే. పరుగెత్తే జింక బొమ్మ కోసం బీటిలో జీపు తోలేవాడు, గూటి దగ్గర కొమ్మలు విరిచి లెన్సుకు దారి చేసుకునేవాడు తాము వేట నిర్వచనంలోకి అడుగుపెడుతున్నామని ఎరగరు. వాళ్లకు ఆ సంగతి తెలుగులో, తేలికగా, ముందుగా చెప్పినవాళ్లు లేరు.

హాని ఎలా జరుగుతుందో వివరంగా చూస్తే ఇది చాదస్తం కాదని తెలుస్తుంది. బట్టమేక సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది, అదీ గూడంటూ లేకుండా నేల మీద. సుమారు నెల రోజులు ఆడపక్షి ఒంటరిగా పొదుగుతుంది. మనిషి దగ్గరికొస్తే లేచిపోతుంది, అది తిరిగొచ్చే లోపు కాకికో కుక్కకో ఆ గుడ్డు దొరికిపోతుంది. ఒక ఏడాది సంతానం అక్కడితో సరి. తీతువు గుడ్లు గులకరాళ్ల రంగులో కలిసిపోయి ఉంటాయి. ఎండ మండే వేళ తల్లిని లేపితే గుడ్డు నీడ కోల్పోయి ఉడికిపోతుంది. ఆడ జింక ఈనిన పిల్లను మొదటి రోజుల్లో గడ్డిలో దాచి తాను దూరంగా మేస్తుంది. పిల్ల ఒంటరిగా కనిపించిందని చుట్టూ మూగి సెల్ఫీలు తీసుకుంటే, అనాథ అనుకుని ఇంటికి ఎత్తుకుపోతే, తల్లి ఉండగానే దానికి తల్లి లేకుండా పోతుంది. డ్రోను శబ్దానికి మంద చెదిరి ముళ్లకంచెల్లో పడుతుంది. రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని పదేపదే రప్పిస్తే, అది లేని శత్రువుతో పోట్లాడుతూ గూడు వదిలి తిరుగుతుంది. వీటిలో ఏదీ తుపాకీతో చేసింది కాదు, ఫలితం మాత్రం జీవి నష్టమే.

దీనికి ఎదురుగా ఒక వాదన ఉంది. తుపాకీని పక్కన పెట్టించింది కెమెరానే కదా, దానికి ఆంక్షలేమిటని అడుగుతారు. చరిత్రలో అది నిజం. 1920ల్లో బ్రిటిష్ ఇండియాలోని యునైటెడ్ ప్రావిన్సెస్ అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ హిమాలయ పాదాల అడవుల్లో పులి నడిచే దారికి తీగ కట్టి, పులే తన బొమ్మ తాను తీసుకునేలా చేశాడు. తోటి అధికారులు చర్మాలు గోడలకు తగిలిస్తున్న కాలంలో ఆయన పుస్తకం 1927లో వచ్చి, పులిని చంపకుండానే దక్కించుకోవచ్చని చూపింది. ఆ ఉదాహరణ నా వాదనకే బలమిస్తుంది. ఛాంపియన్ పులిని తరమలేదు, దాని దారిలోనే దాన్ని నడవనిచ్చాడు. అడవి జీవి తన ఇష్టాన తాను చేస్తున్న పనిని చూపినప్పుడే ఆ బొమ్మకు విలువ. బెదిరి పరుగెత్తే జింక బొమ్మలో కనిపించేది జింక స్వభావం కాదు, ఫొటో తీసినవాడి తొందర.

ఇక నేల సంగతికి వస్తాను. ఈ లేఖకు గుండెకాయ ఇదే. పోటీల్లో బహుమతులు పొందే బొమ్మల్లో ఎక్కువ భాగం ఒకే తీరు. పక్షి కన్ను మెరుస్తుంది, ఈకల అంచులు కనిపిస్తాయి, వెనకాల అంతా పచ్చటి మసక. ఆ మసకలో కొర్ర చేను ఉందో, కంది చేను ఉందో, కాలువ తవ్విన మట్టి ఉందో ఎవరికీ తెలియదు. జీవిని దాని నేల నుంచి వేరుచేసిన ఆ బొమ్మ, జీవి ఎక్కడైనా బతుకుతుందన్న భ్రమ కలిగిస్తుంది. రోళ్లపాడు చరిత్ర ఈ భ్రమను పటాపంచలు చేసింది. నందికొట్కూరు ప్రాంతంలోని ఆ గడ్డిభూమిలో 1980ల్లో బట్టమేకలు మంచి సంఖ్యలో ఉండేవి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే మకాం వేసి వాటిని అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. లోపల గడ్డి పెరిగింది, జింకలు పెరిగాయి, బట్టమేకలు మాత్రం తరిగిపోయి దాదాపు కనుమరుగయ్యాయి. అవి తిండి వెతుక్కున్నది కంచె లోపలే కాదు, చుట్టుపక్కల జొన్న, కొర్ర, వేరుశనగ, పప్పు చేలల్లో కూడా. కంచె బయట నీటి పారుదల వచ్చింది, పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. మనం కాపాడింది ఆ పక్షి ఇంట్లో ఒక గదిని మాత్రమే.

ఇప్పుడు ఆ మిగతా ఇల్లు మా వైపూ కరుగుతోంది. కేంద్ర భూ వనరుల శాఖ హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి వెలువరించే బంజరు భూముల అట్లాసులో పొదలున్న భూములు, క్షీణించిన మేత భూములు కూడా బంజరు లెక్కలోకి వస్తాయి. కాగితం మీద బంజరైన భూమిని ఏ పనికి ఇచ్చినా అడిగేవాళ్లుండరు. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు సుమారు 5,900 ఎకరాల్లో 2017లో పూర్తయింది. సూర్యరశ్మి, గాలి పుష్కలంగా ఉన్న పడమటి మండలాల మీదా ఇలాంటి పథకాల చూపు పడక తప్పదు. సౌర విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాను. కరువు సీమకు అది అవసరమే. కానీ 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద సౌర ఫలకాల ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అంటే ఆ నేల మీద ఏ జీవి ఉందని చట్టబద్ధంగా అడిగే సందర్భమే రాదు. అలాంటప్పుడు ఫలానా బీటిలో ఫలానా నెలలో తోడేలు పిల్లలు పెట్టిందని, ఫలానా గట్టున గద్దలు రాత్రి గుంపుగా నిద్రించాయని నేలతో సహా చూపించే తేదీ వేసిన ఫొటో కంటే తేలికగా దొరికే సాక్ష్యం ఇంకేముంది? వెనకాల మసక ఉన్న పక్షి బొమ్మ అలంకారానికి పనికొస్తుంది, తహసీల్దారు బల్ల మీద వాదనకు పనికిరాదు.

ఇది ఊహ కాదనడానికి మన సీమలోనే రుజువుంది. బ్లైత్ 1848లో వర్ణించిన కలివికోడి అనే పక్షి 1900 తర్వాత కనిపించక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషితో, ఐతన్న అనే స్థానిక పిట్టల వేటగాడి నేర్పుతో అది మళ్లీ దొరికింది. అప్పుడు పట్టుకున్న పక్షి బతకలేదు. 2000 తర్వాతి తొలి ఏళ్లలో పరిశోధకులు పద్ధతి మార్చారు. మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, రాత్రిపూట తానంతట తాను పనిచేసే కెమెరాలు పెట్టారు. పక్షిని తాకకుండానే అది ఏ పొదల్లో, ఎంత ఎడంగా ఉన్న చెట్ల మధ్య తిరుగుతుందో తెలిసింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి వచ్చినప్పుడు ఆ సమాచారమే ఆధారమై, చివరికి కాలువ దారి మార్చారు. పట్టుకున్న చేయి ఒక పక్షిని పోగొట్టింది, తాకని కెమెరా దాని ఇంటిని నిలబెట్టింది. ఫొటోగ్రఫీ గురించి నేను చెప్పే ప్రతి మాటకూ ఈ ఒక్క అనుభవం చాలు.

దూర దేశపు ఉదాహరణ ఒకటి దీనికి రెండో సగాన్ని చేరుస్తుంది. ఆస్ట్రేలియా నడిబొడ్డు ఎడారుల్లో నేల మీద బతికే రాత్రి చిలుక ఒకటుంది. దశాబ్దాల పాటు దాన్ని బతికుండగా ఫొటో తీసినవాళ్లే లేరు. 2013లో పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో ఒక ప్రకృతి పరిశోధకుడు దాని ఫొటోలు, వీడియో బయటపెట్టాడు. చోటు మాత్రం చెప్పలేదు. ఆ బొమ్మల బలంతో బుష్ హెరిటేజ్ ఆస్ట్రేలియా అనే సంస్థ 2016లో అక్కడ సుమారు 56,000 హెక్టార్లను పుల్లెన్ పుల్లెన్ అనే రక్షిత ప్రాంతంగా చేసింది. అనుమతి లేకుండా అక్కడ అడుగుపెడితే భారీ జరిమానా ఉండేలా క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. అయితే అదే పరిశోధకుడు తర్వాత వేరే చోట్ల చేసిన కొన్ని నమోదులను నిపుణుల పరిశీలన తర్వాత ఆస్ట్రేలియన్ వైల్డ్‌లైఫ్ కన్జర్వెన్సీ 2019లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. దీని నుంచి మనం నేర్చుకోవలసింది రెండు విషయాలు. బొమ్మ లోకానికి చూపాలి, చోటు లోకానికి చెప్పకూడదు. చోటు రహస్యం కాబట్టి ఆ బొమ్మ నిజమో కాదో తేల్చే బాధ్యత నమ్మదగిన సంస్థ ఒకటి తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ బాధ్యతకు మీ కార్యాలయమే తగినది.

చోటు దాచమంటే, ప్రచారం లేకుండా రక్షణ ఎలా వస్తుందని కొందరు అడుగుతారు. ఊరి పేరు తెలిస్తేనే కదా పర్యాటకులొస్తారు, ఊరికి నాలుగు డబ్బులొస్తాయి అంటారు. పెద్ద మందలుగా తిరిగే జింకల విషయంలో ఆ మాటకు కొంత బలముంది. మండలం పేరు చెప్పినంత మాత్రాన వాటికి ముప్పు రాదు. గూడు, గుహ, పిల్లలున్న చోటు, వేళ్ల మీద లెక్కపెట్టే పక్షి ఉన్న పొలం, వీటి సంగతి వేరు. మంత్రాలకూ నిధులకూ గుడ్లగూబలను పట్టి అమ్మే దురాచారం దేశంలో ఇంకా ఉంది. దీపావళి ముందు ఆ బేరం ఊపందుకుంటుంది. ఆదోని గుట్టల్లో ఫలానా బండ కింద గూబ ఉందని ఫోను అక్షాంశ రేఖాంశాలతో సహా చెబితే, ఆ సమాచారం ముందు చేరేది ఎవరికో ఊహించడం కష్టం కాదు. ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి ప్రపంచ వేదికలు సున్నితమైన జాతుల చోటును తామే దాచిపెడుతున్నాయి. ప్రచారం జాతికి కావాలి, మండలానికి కావాలి, బీడుకు కావాలి. గూటికి అక్కర్లేదు.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం రైతుది. పత్తి మొలకలు, పప్పుశనగ, వేరుశనగ జింకల పాలయ్యే ఊళ్లలో, కెమెరా పట్టుకుని చేలో అడుగుపెట్టి ఎంత అందంగా ఉందో అనే మనిషి మీద రైతుకు కోపం రావడం న్యాయం. జింకల పార్కు కావాలని ఈ ప్రాంతం ఏళ్లుగా అడుగుతోంది. ఆ కోపాన్ని అజ్ఞానమని తోసేసేవాళ్లు వన్యప్రాణులకు మేలు చేయరు. నా జవాబు ఇది. నేలతో కలిపి తీయడం అంటే మేసిన చేనును కూడా తీయడమే. మంద ఎంత, ఏ నెలలో, ఏ పంట మీద, ఎంత మేర పడిందో చూపే తేదీ వేసిన ఫొటో రైతు పరిహారం అర్జీకి ఆధారమవుతుంది. జింకలు బీళ్లు పోయి చేలల్లోకి వచ్చాయా, లేక సంఖ్య పెరిగి వచ్చాయా అన్న ప్రశ్నకు ఏళ్ల తరబడి సేకరించిన అలాంటి నమోదులే జవాబు చెబుతాయి. పార్కు ఎక్కడ, ఎంత ఉండాలో అప్పుడే తేలుతుంది. అందాన్ని మాత్రమే చూపి నష్టాన్ని ఫ్రేము బయట వదిలే బొమ్మ సగం అబద్ధం. అలాగే పట్టా భూమిలోకి వెళ్లే ఫొటోగ్రాఫరు రైతును అడిగే వెళ్లాలి, తొక్కిన పైరుకు జవాబుదారీగా ఉండాలి, దారి చూపిన కుర్రాడికి కూలి ఇవ్వాలి.

ఇంత బయలులో కట్టుబాటును ఎవరు అమలు చేస్తారన్నది చివరి సందేహం. ప్రతి బీడుకూ ఒక బీట్ ఆఫీసర్‌ను పెట్టడం సాధ్యం కాదు, నేను అడగడమూ లేదు. అమలుకు తేలికైన దారులున్నాయి. అభయారణ్యాల బయట తీసే ఫొటోలకు తెలుగులో ఒక పుట నియమావళి మీ పేరుతో వెలువడాలి. గూటి దగ్గర తీయకూడదని, ఎర వేయకూడదని, కూత వినిపించకూడదని, వాహనంతో గానీ డ్రోనుతో గానీ తరమకూడదని, జీవి తల ఎత్తి మనవైపు చూసిందంటే అక్కడే ఆగాలని అది చెప్పాలి. చట్టంలో వేట అర్థం ఏమిటో అందులో ఒక వాక్యంగా ఉండాలి. అది ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదా, ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లోనూ కనిపించాలి. దేశంలో పేరున్న పలు పోటీలు గూటి చిత్రాలను తీసుకోవడం ఇప్పటికే మానేశాయి. ప్రభుత్వ శాఖలు నడిపే ప్రతి పోటీకీ ఆ నిబంధన పెట్టండి, నేలతో కలిపి తీసిన చిత్రానికి ప్రత్యేక బహుమతి పెట్టండి. బహుమతి మారితే బొమ్మ తీసే తీరు మారుతుంది. అలాగే ఎవరైనా తేదీ, ఊరు, భూమి రకం చెప్పి ఫొటో సమర్పించే నమోదు ఒకటి మీ కార్యాలయం నడపాలి. చోటు బయటికి చెప్పకుండా, నిజం తేల్చి, భద్రపరచాలి. ఈ జిల్లాలో ప్రభుత్వ భూమిని ఏ పథకానికి కేటాయించే ముందైనా కలెక్టరు ఆ నమోదును చూడాలని ప్రభుత్వానికి మీరు సిఫారసు చేయాలి.

ఈ నమోదు వల్ల అన్ని పథకాలూ ఆగిపోతాయని భయపడనక్కర్లేదు. బొమ్మ ఉన్న ప్రతి చోటా పని ఆపమని నా కోరిక కాదు. చూసి నిర్ణయించమని కోరిక. సౌర ఫలకాలను ఒక గట్టు అవతలికి జరిపితే సరిపోయే సందర్భాలుంటాయి, విద్యుత్ తీగల దారి మార్చితే చాలే సందర్భాలుంటాయి. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకలు తీగలకు తగిలి చస్తున్నాయన్న కేసులో 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వులివ్వవలసి వచ్చింది, 2024లో ఆ ఉత్తర్వులను సవరించి నిపుణుల కమిటీని వేయవలసి వచ్చింది. తీగలు వేశాక కోర్టులో తేల్చుకోవడం పక్షికీ చేటు, కంపెనీకీ చేటు. వేయకముందే సాక్ష్యం చేతిలో ఉండటం ఇద్దరికీ మేలు.

కెమెరా పట్టే సోదర సోదరీమణులకు కూడా ఈ లేఖ ద్వారానే ఒక మాట. ప్రభుత్వం నియమావళి తెచ్చే దాకా ఆగనక్కర్లేదు. ఈ శీతాకాలం నుంచే ఒకడుగు వెనక్కి వేసి, లెన్సు కొంచెం వెడల్పు చేసి, జీవి కాళ్ల కింద ఉన్న నేలను ఫ్రేములోకి రానివ్వండి. తేదీ రాసుకోండి, ఊరు రాసుకోండి, గూటి చోటు మాత్రం లోకానికి చెప్పకండి. వార్డెన్ గారూ, వాళ్లు తీసుకొచ్చే ఆ సాక్ష్యాన్ని అందుకోవడానికి మీ కార్యాలయం తలుపు తెరవండి. రోళ్లపాడులో కంచె లోపలి నేలను మాత్రమే చూసి బట్టమేకను పోగొట్టుకున్నాం. పడమటి కర్నూలులో కంచే లేదు. ఉన్నదంతా బయటి నేలే. దాన్ని ఇప్పుడు నమోదు చేయకపోతే, రేపు అక్కడ ఏముండేదో చెప్పడానికి మన దగ్గర ఆధారం ఉండదు.

ఇట్లు,
ఎమ్మిగనూరు పౌరుడు